తాళం వేసిన ఇంట్లో మనిషి

నేను ఇంట్లోనే ఉండి, ఇంటికి బయట తాళం వేసుకునేదాన్ని. ఇదేం విద్య అని అడిగేవాళ్లకి చెబుతాను. మా వరండాకి ఇనప గ్రిల్లు ఉంది. గ్రిల్లు తలుపు దగ్గరికి లాగి, కంతలోంచి చెయ్యి బయటికి పెట్టి, గొళ్లేనికి తాళం తగిలించి నొక్కేస్తే సరి. వీధిలోంచి చూసేవాళ్లకి ఆ ఇంట్లో ఎవరూ లేరు. పందిరి చందాలవాళ్లు గేటు దాకా వచ్చి, తాళం చూసి, ఒక నిట్టూర్పు విడిచి పక్కింటికి పోతారు. సర్వేలవాళ్లూ అంతే. "ఊరికే ఇటొచ్చాం, మిమ్మల్ని చూసి పోదామని" అనేవాళ్లు మరీ అంతే. ఊరికే రావడానికి నా ఇల్లేమైనా బీచి రోడ్డా?

నాకేదైనా కావాలంటే వెనక తలుపుంది. వెనక సందులోకి దిగి, మలుపు దాటి, ఆటో ఎక్కి కాలేజీకి పోతాను. దువ్వాడ వైపు ఒక ప్రైవేటు కాలేజీలో లైబ్రేరియన్‌ని. పిల్లల్ని మాట్లాడనివ్వకపోవడం నా ఉద్యోగం. ఇంటి దగ్గర కూడా అదే చేస్తానని మా వీధివాళ్లు అంటారు. పెళ్లి ఒకటి చేసుకున్నాను. మూడేళ్లు వాదించి, గెలిచి, బయటికొచ్చాను. మా అమ్మ ఉన్నన్నాళ్లూ ఇంట్లో వాదించడానికి మనిషి ఉండేది. ఆవిడ పోయాక ఎఫ్‌ఎమ్ రేడియోతో వాదిస్తున్నాను.

ఇల్లు గెడ్డ పక్కన. మా ప్రాంతంలో కొండల మీంచి దిగే వాగుని గెడ్డ అంటారు. ఏడాదిలో పది నెలలు అది గెడ్డలా ఉండదు, మురికి కాలవలా ఉంటుంది. మిగతా రెండు నెలల్లో తానెవరో గుర్తు చేస్తుంది. మా వెనక సందు దాటగానే దాని గట్టు. అక్కడినుంచి అది కల్వర్టు కింద దూరి, పోర్టు వెనక ఉప్పునీటి కాలవలో కలిసి, సముద్రంలోకి పోతుంది. స్థలం ఇంత చవగ్గా ఎందుకొచ్చిందో నాన్న కొన్నప్పుడు ఆలోచించలేదు. ఆలోచించినా లెక్కచేసేవాడు కాదు. ఆయన గోదావరి లంకలో పుట్టి, పోర్టులో ఉద్యోగానికి ఇక్కడికొచ్చినవాడు. గెడ్డని చూసి నవ్వేవాడు. "దీన్ని చూసి భయపడేదేంటే, మేం గోదారి మింగిన ఊళ్లో అన్నం వండుకు తిన్నవాళ్లం" అనేవాడు.

ఆయన చెప్పిన వరదలు వింటూ పెరిగాను. ముందు ఎర్రనీరు వస్తుంది. పైనుంచి కబురొస్తుంది, ఫలానా చోట ఇన్ని అడుగులుందని. లంకలో మగవాళ్లు నీటి అంచున పుల్ల గుచ్చి, గంట గంటకీ వెళ్లి చూసి, "నాలుగు వేళ్లు పెరిగింది" అని చెబుతారు. ఆడవాళ్లు బియ్యం, పప్పులు అటకెక్కిస్తారు. గొడ్లని గట్టుకి తోలతారు. పుల్ల మునిగే లోపు అన్నీ అయిపోతాయి. వరద చెప్పి వస్తుంది, చెప్పి పోతుంది, మర్యాద తెలిసింది. మా ఇంట్లో ఇది వేదం. ఈ వేదమే నన్ను ముంచబోయింది.

ఎదురింటి సంగతి కూడా చెప్పాలి. ఎదురింటాయన స్టీల్ ప్లాంటులో రిగ్గింగ్ పని చేసి రిటైరయ్యాడు. అంటే టన్నుల బరువులని తాళ్లతో, గొలుసులతో పైకెత్తి దింపే పని. మనిషి నెమ్మది. ఆయన భార్య కూడా మంచిదే అంటారు. వాళ్లది మేడ. వాళ్ల కారు ఎక్కడానికి వీధి కాలవ మీద సిమెంటు ర్యాంపు పోయించారు, కాలవలో నీరు పోయేందుకు చెయ్యి పట్టేంత సందు వదిలి. నేను వెళ్లి అడిగాను. ఆయన "సూద్దాం మేడం" అన్నాడు. చూసేదేముంది, కళ్లెదురుగా ఉంటే! కాలనీ వాట్సాప్ గ్రూపులో రాశాను, ఫొటోలతో సహా. ఎవరో రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఇంకెవరో "గుడ్ మార్నింగ్" అని గులాబీ పువ్వు పెట్టారు. నాకు ఒళ్లు మండి, అందరికీ కలిపి నాలుగు పేరాల జవాబు రాసి, గ్రూపులోంచి బయటికొచ్చేశాను. వచ్చేముందు కొందరి నంబర్లు బ్లాక్ చేశాను, మిగతావాళ్లవి తీసేశాను. ఆ రోజు చాలా హాయిగా నిద్రపట్టింది.

ఆ తరవాత మా వీధిలో నాతో మాట్లాడే మనిషంటూ ఎవరైనా ఉంటే, చేపలమ్మి ఒక్కతే. ఆవిడ వీధి మనిషి కాదు. ఒడ్డున మత్స్యకారుల పేటలో ఉంటుంది. తెల్లారే ముందే జెట్టీ దగ్గర వేలంలో చేపలు పాడుకుని, ఆటోలో వేసుకుని, మా వైపు వస్తుంది. వచ్చేముందు వాడుక ఇళ్లకి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తుంది. "పారలున్నాయి, సావలున్నాయి, ఏటి తేమంటారు?" అని. నాకు వెనక తలుపు దగ్గర ఇస్తుంది. ముందు తాళం ఉన్నా నేను లోపలే ఉంటానని లోకంలో తెలిసినది ఆవిడొక్కతికే.

"ఇదేటమ్మగోరూ, మీ ఇంటికి మీరే దొంగలాగ ఎనక నించి ఎల్తారు?" అని మొదటిసారే నవ్వింది.

"నా ఇల్లు, నా ఇష్టం. నువ్వు ముళ్లు తీసి పెట్టు చాలు" అన్నాను.

ఆ సంవత్సరం వాన రెండు రోజులుగా పడుతూనే ఉంది. ఫోన్‌లో హెచ్చరిక మోగింది. కాలేజీలకి సెలవిచ్చారు. పొద్దున్నే లేచి, కాఫీ పెట్టుకుని, అలవాటు ప్రకారం గ్రిల్లుకి తాళం నొక్కి, వరండాలో కూర్చుని వాన చూస్తున్నాను. ఎనిమిదయిందేమో, చేపలమ్మి ఫోన్ చేసింది.

"అమ్మగోరూ, ఏటి సేత్తన్నారు?"

"కాఫీ తాగుతున్నాను. ఇవాళ కూడా చేపలున్నాయా?"

"సేపలేటి! ఏట నేదు. బోట్లన్నీ కట్టీసినారు. మీ గెడ్డెలగున్నాది, అదడగడానికి సేసినాను."

"గెడ్డ గెడ్డలాగే ఉంది. పారుతోంది."

"పారుతన్నాదా, నిలబడిపోనాదా? ఎల్లి సూడండి ముందు. ఇక్కడ సముద్రం పోటు మీదుంది. అమాస గదా, పెద్ద పోటు. పోటు మీదున్న సముద్రం మీ గెడ్డ నీరు తీసుకోదమ్మా, తిప్పి కొడతాది. పైనించి కొండ నీరు దిగుతాది, కిందనించి సముద్రం అడ్డం పడతాది, మజ్జిని మీరున్నారు. బేగి ఎవులి మేడన్నా ఎక్కీయండి."

నాకు కోపం వచ్చింది. ఒకరు చెబితే వినాల్సి వచ్చినప్పుడల్లా వచ్చే కోపమే. "నువ్వు చేపల సంగతి చెప్పు, వింటాను. వరదల సంగతి మాకు చెప్పకు. మాది గోదావరి" అన్నాను.

"గోదారైతే గోదారోల్లకి గొప్ప. గోదారి పెల్లోరిలాగ కబురెట్టి వత్తాది. గెడ్డ దొంగనాకొడుకులాగ వత్తాది. నాను సెప్పీసినాను, మరి మీ ఇట్టం" అని పెట్టేసింది.

వెనక తలుపు తీసి చూశాను. గెడ్డ పారడం లేదు. నిండుగా, కదలకుండా, గట్టు అంచు దాకా వచ్చి నిలబడి ఉంది. దాని మీద ప్లాస్టిక్ సీసాలు, అరటి బోదె ముక్క, ఎవరిదో చెప్పు, అన్నీ ఒకేచోట మెల్లిగా తిరుగుతున్నాయి. పారే నీరు పారకపోతే ఏమిటర్థమో ఒక్క క్షణం నిలబడి ఆలోచిస్తే తెలిసేది. నేను ఆలోచించలేదు. నీళ్లు నెమ్మదిగా ఉన్నాయి కదా అనుకుని తలుపేసి వచ్చేశాను.

అప్పుడు నేను చేసిన పని ఇంకెవరికైనా చెబితే నవ్వుతారు. లోపలికెళ్లి, ముగ్గుకి వాడే సుద్దముక్క తెచ్చి, గ్రిల్లు కంతలోంచి చెయ్యి చాపి, నాలుగు వరండా మెట్లలో నా చేతికందే పై మెట్టు పక్కన గోడ మీద వేలెడు వేలెడు దూరంలో గీతలు గీశాను. కింది మెట్టు అప్పటికే తడిసింది. నాన్న పుల్ల గుచ్చాడు, నేను సుద్ద గీశాను. అరగంటకోసారి చూద్దాం, రెండు మెట్లు మునిగాక సామాను సర్దుదాం, మూడో మెట్టుకి బయల్దేరదాం అనుకున్నాను. లెక్క తప్పులేనిది. కాకపోతే లంకలో నేల మీద పరుచుకుంటూ వచ్చే నీటికి కట్టిన లెక్క అది. ఇక్కడ ఇరవై అడుగుల వీధి, రెండు పక్కలా ప్రహరీలు, మూసేసిన కాలవ. ఇది నేల కాదు, గొట్టం.

మొదటి అరగంటకి కింది మెట్టు మీద వేలెడు పెరిగింది, నా గీతలకి ఇంకా చాలా దూరం. గర్వంగా లోపలికెళ్లి ఉప్మా చేసుకున్నాను. తిని వచ్చేసరికి మూడు మెట్లు లేవు.

వెనక వైపు గట్టు మీదుగా పొర్లిన నీళ్లు సందులోకి దూకుతున్న చప్పుడు అప్పుడు వినపడింది. చప్పుడంటే హోరు కాదు, ఎవరో పెద్ద బస్తాలు వరసగా దింపుతున్నట్టు ధబ్, ధబ్. వెనక తలుపు కింది సందులోంచి నీళ్లు వంటింట్లోకి వస్తున్నాయి. అటునుంచి బయటికెళ్లే మాట లేదు. సందులో నీళ్లు నడుము దాకా ఉంటాయి, పైగా పరిగెడుతున్నాయి. నీళ్లు మోకాలి లోతే ఉన్నా, పరిగెడితే మనిషిని పడేస్తాయని నాన్న చెప్పిన మాట ఒక్కటి ఆ పూటకి పనికొచ్చింది.

మెయిన్ ఆపేశాను. సర్టిఫికెట్లు, బీపీ మాత్రలు, ఫోన్ ఛార్జరు ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి ముడేసి మెళ్లో తగిలించుకున్నాను. తాళం చెవి తీసుకుని గ్రిల్లు దగ్గరికొచ్చాను. వరండాలో చీలమండ లోతు నీళ్లు. కంతలోంచి చెయ్యి పెట్టి, ఎప్పట్లాగే చూడకుండా తాళం తిప్పి, చెవి దూర్చబోయాను. చెయ్యి తడి. చెవి జారింది. జారిందని కూడా తెలియలేదు. వేళ్ల మధ్య ఏమీ లేదని తెలిసింది, అంతే. బయట మట్టినీళ్లలో ఎక్కడ పడిందో, పడ్డచోటే ఉందో, కొట్టుకుపోయిందో.

రెండో చెవి ఉండేది. అమ్మ పోయాక ఎవరికివ్వాలో తెలియక డ్రాయరులో వేసిన గుర్తు. ఏ డ్రాయరో వెతికే ఓపిక నీళ్లకి లేదు.

అరిచాను. నా గొంతు ఎంత పెద్దదో మా వీధికి బాగా తెలుసు. కానీ ఆ వానలో, ఆ నీటి చప్పుడులో, అది నాకే సరిగ్గా వినపడలేదు. ఎదురింటి మేడ మీద వరండాలో మనుషులు కదులుతున్నారు. వీధిలో కింది ఇళ్లవాళ్లంతా అక్కడికే ఎక్కినట్టున్నారు. ఒకావిడ ఇటు చూసింది. నేను చెయ్యి ఊపాను. ఆవిడ చూపు గ్రిల్లు మీదికొచ్చి, తాళం దగ్గర ఆగి, పక్కకి వెళ్లిపోయింది. అంత స్పష్టంగా కనిపించింది నాకు. చీకటి వరండాలో కమ్మీల వెనక ఊగే చెయ్యి కన్నా, మూడేళ్లుగా చూస్తున్న తాళం మీదే ఎవరికైనా నమ్మకం ఎక్కువ.

అత్యవసర నంబరుకి చేశాను. కాస్సేపు మోగి ఎవరో ఎత్తారు. ఓపిగ్గా చిరునామా రాసుకున్నారు.

"ఇంట్లో ఎంతమంది ఉన్నారండి?"

"ఒక్కదాన్ని."

"ముసలివాళ్లు, పిల్లలు?"

"చెప్పాను కదా, ఒక్కదాన్ని."

"పంపిస్తామండి, టైం పడుతుంది. మీ చుట్టుపక్కల ఎవరికైనా ఫోన్ చెయ్యండి ఈలోగా."

తప్పేమీ చెప్పలేదు. ఆ గంటకి వాళ్ల ముందు ఊరంతా ఉంది. నేను ఫోన్ తెరిచి, చుట్టుపక్కల ఎవరికైనా చేద్దామని చూశాను. కాలేజీ ప్రిన్సిపాల్. గ్యాస్ బుకింగ్. డెంటిస్టు. కొరియర్ కుర్రాడెవరో. కాకినాడలో ఒక పిన్ని కూతురు, మాట్లాడి నాలుగేళ్లు. వీధి మనిషి ఒక్కరు లేరు. నేనే తీసేశాను కదా, ఎంతో శుభ్రంగా. నీళ్లు పిక్కల దాకా వచ్చాయి. చల్లగా, కిరసనాయిలు వాసనేస్తూ.

భయం ఎలా ఉంటుందంటే, చచ్చిపోతానని కాదు. తరవాత ఎవరో తాళం పగలగొట్టి, "అయ్యో, లోపల మనిషుందా?" అని ఆశ్చర్యపోతారని.

ఫోన్ మోగింది. చేపలమ్మి.

"ఎక్కీసినారా?"

"లేదే." చెప్పాను, తాళం సంగతి, చెవి సంగతి.

"ఓలమ్మో! ఎదురింటోల్లకి ఫోన్ సెయ్యలేదేటి?"

"వాళ్ల నంబరు లేదు."

"నంబరు నేదేటి! ఎదురిల్లు గదా?"

"లేదంటే లేదు!"

"సరే సరే, కూకలెయ్యకండి. నాకాడున్నాది. ఆ పిన్నమ్మగోరు వారానికి రెండుమాట్లు రొయ్యలు తీసుకుంటారు. ఉండండి, నాను సేత్తాను. మీరు ఎత్తుమీదెక్కండి."

ఐదు నిమిషాలయ్యాక తెలియని నంబరు మోగింది. ఎదురింటావిడ. "మేడం, మీరు లోపలున్నారా? అయ్యో రామా! ఊరెల్లిపోనారనుకున్నాం. మావారు వత్తన్నారు. ముందది సెప్పండి, కరెంటు ఆపీసారా?"

"ఆపాను. మెయిన్ ఎప్పుడో ఆపాను."

"ఇన్వర్టరో?"

మెయిన్ ఆపితే ఇన్వర్టర్ ఆగదని, ఇల్లంతా దాని కరెంటు తిరుగుతూనే ఉంటుందని, చదువుకున్న నా బుర్రకి తట్టలేదు. హాల్లో స్టాండు మీద దాని పచ్చ దీపం వెలుగుతోంది. నీళ్లు స్టాండు కాళ్ల దగ్గర ఉన్నాయి. గోడల్లో సాకెట్లకి ఇంకా జానెడు దూరం.

"గోడలు ముట్టుకోకండి మేడం. ప్లాస్టిక్ స్టూలుంటే ఎక్కి, ఎండున్న సెక్కతోటి నొక్కండి" అందావిడ. వంటింటి గట్టు మీద పప్పుగుత్తి దొరికింది. స్టూలు ఎక్కి, పప్పుగుత్తి కొనతో మీట నొక్కాను. దీపం ఆరింది. జీవితంలో నేను వాదించకుండా చేసిన మొదటి పని అదేననుకుంటాను.

ఎదురింటాయన రావడం గ్రిల్లులోంచి చూశాను. వీధి అటునుంచి ఇటు ఇరవై అడుగులు. ఆయన దానికి పది నిమిషాలు తీసుకున్నాడు. నడుముకి తాడు, తాడు రెండో కొస వాళ్ల గేటు స్తంభానికి, అక్కడ ఇద్దరు పట్టుకుని. చేతిలో వెదురుకర్ర, వీపున గునపం. ప్రతి అడుగుకీ ముందు కర్రతో కింద పొడిచి, నేలుందని తెలిశాకే అడుగు వేస్తున్నాడు. కాలవ మీద పలకలు లేచిపోయి ఉంటాయని ఆయనకి తెలుసు. నీటి పైన ఏమీ కనిపించదు. కాలవ, రోడ్డు, గొయ్యి అన్నీ ఒకే రంగు. నేనైతే పరిగెత్తి ఉండేదాన్ని, మూడో అడుగులో పోయి ఉండేదాన్ని.

గునపం తాళంలో దూర్చి ఒక్క మెలిక పెట్టాడు. తాళం టక్కుమంది. తాడు నా చంకల కింద నుంచి తిప్పి, ఛాతీ మీద ముడి వేశాడు. నలభై ఏళ్లు ఆ పనే చేసిన చేతులు, నన్ను కూడా ఒక సామానులాగే, జాగ్రత్తగా, మొహం చూడకుండా కట్టాయి.

"నీల్లొచ్చే వైపు మొకం పెట్టండి మేడం. పక్కకి అడుగెయ్యండి, పీతలాగ. కాలెత్తకండి, ఈడ్సండి. ఒకటి ఆనించాకే రెండోది."

సగం దూరంలో నీళ్లు తొడల దాకా వచ్చి తోశాయి. వాళ్ల ర్యాంపు దగ్గర నీళ్లు అడ్డం తగిలి, పొర్లి, వీధి మధ్యకి మళ్లుతున్నాయి. నాకు నోరాగలేదు.

"చూశారా? మీ ర్యాంపు వల్లే ఇదంతా. చెప్పానా లేదా?"

"అవునండి బాబూ, నా ర్యాంపే. తప్పు నాదే. ముందడుగెయ్యండి."

నా జీవితంలో అంత త్వరగా ఎవరూ నాతో ఒప్పుకోలేదు. అడుగేశాను.

మేడ మీద వీధి సగం ఉంది. ఎదురింటావిడ తన పొడి చీర ఇచ్చింది. టీ ఇచ్చింది. మూలనున్న ముసలమ్మకి జరగమని చెప్పి నాకు చోటు చేసింది. అందరూ చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. అదే కష్టంగా ఉంది. ఎవరైనా ఒక మాటంటే పది మాటలనేదాన్ని, కాస్త వెచ్చబడేదాన్ని.

ఆవిడే నెమ్మదిగా అంది. "పొద్దున్న నీరు రోడ్డెక్కగానే అన్ని ఇల్లూ లెక్కెట్టుకున్నాం మేడం. ఎవులున్నారు, ఎవులు నేరు అని. మీ ఇంటికాడికొచ్చేసరికి తాలం సూసి వదిలీసినాం." దెప్పి అనలేదు. క్షమాపణలాగే చెప్పింది. నాకది దెప్పడం కన్నా లోతుగా దిగింది.

చుట్టూ అందరూ ఫోన్లలో ఉన్నారు. "ఎదురింటి మేడ మీదున్నాం, ఏం పర్లేదు." "నాన్నా, టీవీ చూసి కంగారు పడకు." ఒకాయన సబ్బవరంలో ఉన్న అన్నగారికి మూడోసారి చెబుతున్నాడు, మేం బాగానే ఉన్నామని. నేను కూడా ఫోన్ తీశాను. తీసినందుకు ఎవరికో ఒకరికి చెయ్యాలి కదా. చేపలమ్మికి చేశాను.

"ఎక్కీసినాను" అన్నాను. ఆవిడ మాట నా నోట్లోంచి వచ్చింది.

"మంచి పని. ఎట్టీయండి మరి, నాకాడ సార్జీ తక్కువున్నాది" అంది.

పెట్టేశాను. పక్కన ముసలమ్మ "ఎవరమ్మా, చెల్లెలా?" అని అడిగింది.

మధ్యాహ్నం పోటు తగ్గి పాటు మొదలైంది. అంతసేపు మొండికేసిన గెడ్డ సముద్రంలోకి ఎవరో లాక్కుపోయినట్టు పోయింది. గోదావరి వరదైతే మూడు రోజులుండేది. ఇది పూటలో వచ్చి పూటలో పోయింది. నాలుగింటికి వీధిలో బురద తప్ప నీళ్లు లేవు. ఎవరిళ్లకి వాళ్లు దిగిపోయారు. నేను కూడా దిగాను.

తరవాతి నాలుగు రోజులూ ఒక్కదాన్నే కడిగాను. ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్లన్నీ విప్పి ఆరబెట్టి చూసేదాకా దీపం వెయ్యలేదు. నీరు తగిలిన బియ్యం, పిండి, మాత్రలు, ఏడుపొచ్చినా పారేశాను. సంపు తోడించి బ్లీచింగ్ వేయించాను. కాచిన నీళ్లే తాగాను. బీరువా వెనక చిన్న పాముంటే, దాన్ని కొట్టడానికి మనిషి లేక, దాంతో కాస్సేపు మాట్లాడి, తలుపు తీసి పెట్టి, దూరంగా కూర్చున్నాను. అదీ వెళ్లిపోయింది.

ఎదురింటాయన తన ర్యాంపు సగం తనే సుత్తితో పగలగొట్టుకున్నాడు. మిగతా సగం ఇంకా ఉంది. దాని గురించి ఇంకా వాదిస్తున్నాను.

కల్వర్టు కింద చెత్త తీయించడం గురించి వీధివాళ్లు మీటింగు పెడితే వెళ్లాను. గంటసేపు ఎవరి మాటా ఎవరూ వినకుండా మాట్లాడుకున్నాక, నేను లేచి, "వచ్చే వానకి ముందు ఏ ఇంట్లో ఎవరున్నారో ఒక కాగితం మీదైనా ఉండాలి, తాళాలు చూసి లెక్కపెట్టడం కాదు" అన్నాను. ఎవరో "మీరే రాయండి మేడం, మీకలవాటే కదా" అన్నారు. వెటకారమో, నిజమో తెలియలేదు. పుస్తకాలకి కేటలాగు చేసినట్టే చేశాను. ఇంటి నంబరు, ఎంతమంది, మెట్లెక్కలేని వాళ్లెవరైనా ఉన్నారా, ఇన్వర్టరుందా, ఎవరి మేడ మీదికి వెళ్లాలి, ఏమైనా అయితే ఎవరికి చెప్పాలి. ఇంటింటికీ తిరిగి రాశాను. ముందు తలుపులు కొట్టి. చివరి గడిలో అందరూ ఆలోచించకుండా చెప్పేశారు. కొడుకు, తమ్ముడు, వదిన, బావ. కొందరైతే ఇద్దరు ముగ్గురి నంబర్లు చెప్పి, గడి సరిపోక వెనక రాయించారు.

నా ఇంటి వరస దగ్గర ఎంతమంది అన్నచోట ఒకటి వేశాను. ఆ చివరి గడి అలాగే ఉంచేశాను. పిన్ని కూతురి నంబరు ఒకటి రెండుసార్లు రాయబోయి మానేశాను. కాకినాడ నుంచి ఆ అమ్మాయి ఏం చేస్తుంది, పాపం, నేనెవరో గుర్తు తెచ్చుకునేసరికే పోటు దిగిపోతుంది.

వారం పోయాక వేట మళ్లీ మొదలైంది. చేపలమ్మి గంప దింపి, ముందు గ్రిల్లు దగ్గరే కూర్చుని సావలు శుభ్రం చేస్తోంది. కాగితం తెచ్చి పక్కన కూర్చున్నాను. ఏమిటో చెప్పాను. ఆ గడి చూపించాను. అడగడానికి గొంతు కోపంగా ఉన్నట్టు పెట్టుకోవాల్సి వచ్చింది.

"ఇక్కడ నీ నంబరు రాస్తాను. నీకేమైనా అభ్యంతరమా?"

ఆవిడ కత్తిపీట మీంచి తలెత్తి నన్నోసారి చూసింది. పొలుసు అంటిన చేత్తో నుదురు తుడుచుకుంది.

"రాసుకోండి. గాని పొద్దున్న తొమ్మిది దాకా నాను బేరాల్లో ఉంటాను, ఫోనెత్తను. ఈపాలి ముంపుని తొమ్మిది దాటేక రమ్మనండి."

"అది నా చేతుల్లో ఉందా?"

"మీ నోట్లో ఉన్నాది గదమ్మా. మీరు గట్టిగా సెప్తే ఎవులన్నా ఇంటారు" అని, రెండు ముక్కలు ఎక్కువే వేసి, గంప ఎత్తమంది. ఎత్తాను. తరవాత లోపలికొచ్చి, చేపలు నీళ్లలో వేసి, చెయ్యి తుడుచుకుని, ఆ గడిలో పది అంకెలు రాశాను.